మా ఇంటి గోడ వానని ముందే చెప్పేది

మా అమ్మకి వాతావరణ శాఖ కంటే మా పడమటి గది గోడ మీద నమ్మకం ఎక్కువ. బయట ఎండ కాస్తున్నా సరే, ఆ గోడ మోకాలి ఎత్తున నల్లబడి, చెయ్యి ఆనిస్తే చెమట పట్టినట్టు తగిలిందంటే చాలు, “రేపు వానరా” అని పెరట్లో ఎండబెట్టిన వడియాలు లోపలికి తెచ్చేసేది. చాలాసార్లు ఆవిడ మాటే నెగ్గేది. మేం నవ్వుకునేవాళ్ళం. ఆ గోడతో సహా ఇంటి గోడలకి మందు వేయించడానికి రెండు విడతల్లో లక్షా పదివేలు తగలేశాక గానీ నాకు తట్టలేదు, రోగమేంటో ఆవిడ రోజూ చెబుతూనే ఉందని.

మా ఇల్లు కోనసీమలో, పి.గన్నవరం దగ్గర. తాతయ్య 1934లో కట్టించిన మండువా లోగిలి. అడుగున్నర మందం ఇటుక గోడలు, గానుగ సున్నం, పైన పెంకు. నాలుగు వైపుల నుంచీ వాన మండువాలో పడి, నేల కింద తూములోంచి పెరట్లోకి పోతుంది. నేను పుట్టేసరికే గోడల అడుగున అక్కడక్కడా చెమ్మ ఉండేది. దసరాకో సంక్రాంతికో ఎవరో ఒకరు కొబ్బరిపీచు కుంచెతో సున్నం కొట్టేవారు, మళ్ళీ ఏడాది దాకా ఎవరూ దాని ఊసెత్తేవారు కాదు.

ఊసెత్తింది నేనే. ఉద్యోగం వచ్చాక ఇంటికేదో చెయ్యాలన్న ఉబలాటం. 2009లో మేస్త్రిని పిలిచి, కింద మూడడుగులు పాత పూత కొట్టించేసి, వాటర్‌ప్రూఫ్ పౌడర్ కలిపిన సిమెంటు పూయించాను. రెండు వానాకాలాలు బాగానే గడిచాయి. మూడోదానికి ఆ మూడడుగుల సిమెంటు మీద, అంటే నడుము ఎత్తున, ఇంటి చుట్టూ మొలతాడు కట్టినట్టు తడి గీత లేచింది. 2016లో ఒక కంపెనీవాళ్ళని పిలిచాను. రెండు సూదులున్న మీటరు గోడకి గుచ్చితే కుయ్యోమంది. అయిదేసి అంగుళాలకి ఒక రంధ్రం చొప్పున గోడలన్నీ తొలిచి కెమికల్ ఎక్కించారు, పైన రెండు కోట్లు రబ్బరు లాంటి పెయింటు వేశారు, పదేళ్ళ వారంటీ కాగితం చేతిలో పెట్టారు. మూడో ఏటికి పెయింటు బుడగలు తేలి, అప్పడంలా పెచ్చులు ఊడింది. ఫోన్ చేస్తే, “అది ఉప్పు వల్ల వచ్చిందండీ, ఉప్పు వారంటీలోకి రాదు” అన్నారు.

అప్పట్లో ఒళ్ళు మండింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆ కంపెనీవాళ్ళ కంటే నా తప్పే ఎక్కువ. “ఏ మందు వేస్తే తగ్గుతుంది” అని అడిగాను, వాళ్ళు తమ దగ్గరున్న మందు చెప్పారు. “ఈ నీళ్ళు ఎక్కడివి” అని నేను అడగలేదు, వాళ్ళకి చెప్పే అవసరం రాలేదు. ఊపిరితిత్తులకి పట్టినా, గోడకి పట్టినా మనం నెమ్ము అనే అంటాం. ఛాతీకి పడితే డాక్టరు ముందు స్టెతస్కోపు పెట్టి, ఎక్స్‌రే తీయిస్తాడు. గోడకి పడితే మాత్రం నేరుగా పెయింటు షాపుకి పోయి డబ్బా కొనుక్కొస్తాం. నా అనుభవంలో పాత ఇంటి చెమ్మకి వేసే మందుల్లో ఎక్కువ భాగం గోడకి వేసినవే గానీ నీళ్ళకి వేసినవి కావు. అందుకే అవి పని చెయ్యవు. అంతకంటే అన్యాయం ఏమిటంటే, కొన్ని ఉన్న జబ్బుని పెంచుతాయి.

2020 లాక్‌డౌన్‌లో ఇంటి దగ్గర్నుంచి పనంటే ఊరొచ్చి పడ్డాను. ఏడాది ఉన్నాను. చేతినిండా టైం, ఎదురుగా గోడ. పిల్లల సుద్దముక్క తీసుకుని ప్రతి గదిలో తడి అంచు దగ్గర గీత గీసి, పక్కన తేదీ రాయడం మొదలుపెట్టాను. అమ్మ మొదట్లో, “గోడ మీద పాల లెక్కలేంట్రా” అంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ గీతలే అసలు సంగతి చెప్పాయి. అన్ని గీతలూ ఒకేలా కదలలేదు. వీధి గోడది వాన పడ్డాక లేచేది, ఎండాకాలంలో నెమ్మదిగా దిగేది. మండువా పక్క గదిది వాన పడిన మర్నాడే లేచేది. పడమటి గదిది వాన కంటే ముందే లేచేది. నా పడగ్గదిది వానతో సంబంధం లేకుండా మే నెలలో కూడా లేచేది. ఒకే ఇంట్లో నాలుగు గోడలకి నాలుగు జబ్బులన్నమాట. నేను రెండుసార్లూ నాలుగింటికీ ఒకే మందు వేశాను.

ఇక్కడ మా ఇంటి పురాణం ఒకటి చెప్పాలి. చెమ్మ సంగతెత్తితే మా పెద్దవాళ్ళంతా ఒకే మాట అంటారు: “86 వరద తాగిన గోడలురా ఇవి.” 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వైపు ఎవరూ మర్చిపోలేదు, మా ఇంట్లో కూడా నీళ్ళు నిలిచాయి. కానీ తడిసిన గోడ ఆరడానికి ఒక మోటు లెక్క ఉంది, అంగుళం మందానికి నెల. అడుగున్నర గోడ రెండు వైపులా ఆరుతుంది కాబట్టి తొమ్మిది నెలలు. మన ఉక్కపోతకి ఇంకో ఏడాది కలుపుకుందాం. ముప్పై నాలుగేళ్ళ నాటి వరద 2020లో గోడకి చెమ్మ పట్టించదు. ఇప్పుడు తడిగా ఉందంటే ఇప్పుడు నీళ్ళు వస్తున్నట్టే. వరద మీద నెట్టేస్తే ఒక సుఖం ఉంది, ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.

వీధి గోడ సంగతి పెళ్ళి ఫోటోలో దొరికింది. 1978లో మా పెద్దత్త పెళ్ళికి అరుగు ముందు తీసిన ఫోటో. అందులో వీధిలోంచి అరుగు మీదికి నాలుగు మెట్లున్నాయి, నాలుగో మెట్టు మీద సన్నాయి ఆయన కూర్చుని ఉన్నాడు. బయటికొచ్చి లెక్కపెట్టాను. ఒకటిన్నర. మిగతా రెండున్నర మెట్లూ రోడ్డు కిందికి వెళ్ళిపోయాయి. మట్టి రోడ్డు మీద గ్రావెల్, దాని మీద తారు, దాని మీద సిమెంటు రోడ్డు, దాని మీద మళ్ళీ సిమెంటు రోడ్డు. మెట్టుకి ఏడంగుళాలు వేసుకున్నా వీధి పదిహేడున్నర అంగుళాలు లేచింది. ఇల్లు అంగుళం కూడా కుంగకుండానే గోతిలోకి దిగింది. ఇంటి పీఠం చుట్టుపక్కల నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. తాతయ్య ఏ నియమావళీ చదవకుండానే అంతకు మించి కట్టించాడు. ఆ ఎత్తంతా నాలుగు రోడ్లు మింగేశాయి. పాత రోడ్డు తవ్వి తీయకుండా కొత్తది పరిచిన ప్రతి ఊళ్ళోనూ పాత ఇళ్ళ కథ ఇదే. రోడ్డు వచ్చిందని దండలేస్తాం, ఇంటికి నెమ్ము పట్టిందని మేస్త్రిని తిడతాం.

గోడ నీళ్ళని ఎలా లాగుతుందో తెలుసుకోవాలంటే దేవుడి దగ్గర ప్రమిద చూస్తే చాలు. నూనె అడుగున ఉంటుంది, వత్తి దాన్ని పైకి లాగుతుంది, పైన మంట ఖర్చు చేసినంత లాగుతుంది. ఇటుక గోడా అంతే. ఇరవై నాలుగు గంటలు నీళ్ళలో నానేస్తే మామూలు ఇటుక తన బరువులో 20 శాతం దాకా తాగొచ్చని ఇటుకలకి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 1077 ప్రమాణమే ఒప్పుకుంటుంది. మూడు కిలోల ఇటుకకి ఆరువందల గ్రాములు. పునాది దగ్గర తాగిన ఆ నీళ్ళు పైకి పాకుతాయి, గోడ ముఖం మీద గాలికి ఆరిపోతాయి. వచ్చేదీ ఆరేదీ సమానమైన ఎత్తులో తడి ఆగిపోతుంది. సున్నపు పూత ఉన్నప్పుడు అది మోకాలి దగ్గర ఆగింది. నేను కింద మూడడుగులు సిమెంటుతో మూసేశాను. ఆరే దారి లేక అది మూడడుగుల పైకి పోయి ఆరింది. నడుము దగ్గర లేచిన మొలతాడు నేను డబ్బిచ్చి కట్టించుకున్నదే!

అరుగు మీద నాకో అనుమానం కూడా ఉంది, అనుమానమే సుమా. ముసలాళ్ళు చుట్ట కాల్చుకోవడానికే అరుగు కట్టారనుకుంటాం. కానీ చూరు నీళ్ళు చిందేది అరుగు అంచున, గోడ మీద కాదు. పేడతో అలికిన అరుగు రోజంతా ఎండలో ఆరుతుంది. గోడ అడుగుకి అది గొడుగు లాంటిది. మేం దాని మీద నాపరాళ్ళు పరిచి, సందులన్నీ సిమెంటుతో మూసి, ఆ పనీ లేకుండా చేశాం.

వీధి గోడకి నీళ్ళిచ్చేది భూగర్భజలమా, రోడ్డు వాననీళ్ళా అన్నది తేల్చడానికి డెల్టాలో ఉన్నవాళ్ళకి ఒక సదుపాయం ఉంది. ఏప్రిల్‌లో సాగు కాలువలకి నీళ్ళు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. కాలువ కట్టేస్తే మా నూతిలో నీళ్ళు అడుగుల లెక్కన దిగుతాయి. గోడ తడికి మూలం నేల అడుగు నీళ్ళే అయితే ఆ రెండు నెలల్లో గీత దిగి, కాలువ వదిలిన కొద్ది రోజులకి, వాన పడకపోయినా, లేవాలి. మా గోడ కాలువ వదిలినా కదల్లేదు. మొదటి పెద్ద వాన పడి వీధి నీళ్ళు అరుగు మొదట్లో నిలిచాకే కదిలింది. అంటే పై నీళ్ళు. పై నీళ్ళైతే మళ్ళించొచ్చు.

మండువా పక్క గది కథ చిన్నదే. తూములోకి పది బిందెల నీళ్ళు పోశాను. పెరట్లో తూము నోటి దగ్గర పనమ్మాయి ఖాళీ బిందెలు పట్టుకుని కూర్చుంది. ఆరు బిందెలు నిండాయి. గంటసేపు చూశాం, ఏడోది సగం కూడా నిండలేదు. మిగతా నీళ్ళు ఆ గది నేల కింద ఇంకిపోతున్నాయి. తవ్వితే మట్టి గొట్టం రెండు చోట్ల విరిగి, కొబ్బరి వేరు లోపలికి జడలా అల్లుకుని ఉంది. అంతకు ముందే అమ్మ ముచ్చటపడిందని ఆ గదిలో గచ్చు తీయించి విట్రిఫైడ్ టైల్స్ వేయించాను. గచ్చు ఉన్నన్నాళ్ళూ కొంత తడి నేలలోంచే పైకి ఆరేది, టైల్స్ వచ్చాక అంతా గోడల దారి పట్టింది. కెమికల్ ఎక్కించడానికి ఆ గదికి ఇరవై రెండు వేలయింది. గొట్టం మార్చడానికి నాలుగు వేల ఎనిమిది వందలు.

నా పడగ్గది గురించి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏసీ. లోపల ఇరవై రెండులో పెట్టుకుని పడుకుంటే గోడ చల్లబడుతుంది, అవతల వసారాలోని ఉక్కగాలి ఆ చల్లటి గోడకి తగిలి చల్లనీళ్ళ గ్లాసుకి పట్టినట్టు చెమట పడుతుంది. చాలదన్నట్టు ఏసీ నీళ్ళ గొట్టం గోడ మొదట్లోకే వదిలారు. గొట్టం జరిపి, ఏసీ ఇరవై ఆరుకి పెట్టాను. తగ్గింది. ఇలాంటి అనుమానం మీకుంటే పరీక్ష తేలిక: అరచేతి వెడల్పు పాలిథిన్ కాగితం గోడకి నాలుగు వైపులా గట్టిగా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం పైన తడి ఉంటే గాలిది, వెనక ఉంటే గోడది.

ఇక పడమటి గది. ఈ గోడ నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. రోడ్డుకి దూరం, తూముకి దూరం, పైన పెంకు బాగానే ఉంది. అయినా నాలుగింటిలో ఎక్కువ పాడైంది అదే. గోడ మీద తెల్లటి నూగు లేచేది. బూజేమో అనుకుని ఓ నీటిచుక్క వేశాను, చుక్క కింద నూగు కరిగి మాయమైంది. బూజైతే కరగదు. ఉప్పు. మా వైపు చౌడు పట్టిందంటారు దీన్నే.

తర్వాత చేసిన పని చూసి అమ్మ నాకు పిచ్చి పట్టిందనుకుంది. బంగారం తూచే చిన్న త్రాసు ఆన్‌లైన్‌లో ఆరువందలకి దొరుకుతుంది, అది తెప్పించాను. వీధి గోడలో అడుగు ఎత్తున, పడమటి గోడలో అదే ఎత్తున, వేడెక్కకుండా నెమ్మదిగా డ్రిల్ చేసి, లోపలి ఇటుక పొడి నలభై గ్రాముల చొప్పున పట్టాను. బిస్కట్లు చేసుకునే ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు మారకుండా నిలిచేదాకా ఎండబెట్టాను. వీధి గోడ పొడి 34.8 గ్రాములకి దిగింది. పడమటి గోడది 37.6. అంటే ఎక్కువ తడిగా కనిపించే గోడలో నిజానికి నీళ్ళు తక్కువ, సగం కూడా లేవు. తర్వాత రెండు పొడులనీ విడివిడి పళ్ళేల్లో పోసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, పక్కన ఇంక కరగనంత ఉప్పు కలిపిన నీళ్ళ గిన్నె ఉంచాను. అలాంటి ఉప్పునీళ్ళ పక్కన మూసిన గాలిలో తేమ దాదాపు 75 శాతం దగ్గర నిలుస్తుంది. వారం తర్వాత తూస్తే వీధి గోడ పొడి 0.4 గ్రాములు పెరిగింది. పడమటి గోడ పొడి 2.1 గ్రాములు పెరిగి, చలిమిడిలా ముద్ద కట్టింది. ఆ పొడిని ఎవరూ తడపలేదు. గాలిలోంచి తాగింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ గోడకి అవతల ఒకప్పుడు గొడ్ల సావిడి ఉండేది. 1990లలో తీసేశాం, ఇప్పుడక్కడ బైకులు పెడుతున్నాం. యాభై ఏళ్ళకి పైగా నాలుగు గేదెలు, ఒక జత ఎడ్లు ఆ గోడ మొదట్లో పేడా ఉచ్చా పోశాయి. అదంతా నేలలో మురిగి నైట్రేట్లవుతుంది. పూర్వం తుపాకీ మందుకి కావలసిన సూరేకారం ఇలాంటి పశువుల పాకల మట్టిలోంచే తీసేవారు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీళ్ళు పట్టడం మొదలుపెడుతుంది, కొన్ని నైట్రేట్లు యాభై శాతం దగ్గరే మొదలుపెడతాయి. తూర్పు నుంచి సముద్రపు గాలి తిరిగి, ఉక్కబోసి, రేపో ఎల్లుండో వాన అనగా గాలి నిండా తేమే కదా. గోడ అది తాగి నల్లబడేది. అమ్మ వడియాలు ఎత్తేది. సావిడి పోయి పాతికేళ్ళైనా ఉప్పు గోడని వదల్లేదు.

ఈ గోడకే నేను అడుగునుంచి నీళ్ళు ఎక్కకుండా కెమికల్ ఎక్కించాను. అడుగునుంచి ఎక్కని నీళ్ళని ఆపడానికి ముప్పై వేలు! మీటరు కుయ్యోమన్నదీ అందుకే. ఆ సూదుల మీటర్లు చెక్కలో తేమ చూడ్డానికి పుట్టినవి, రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూస్తాయి. ఉప్పు పట్టిన గోడలో కాసింత తేమున్నా నిండా నానిన గోడలాగే కూస్తాయి. మీటరు అబద్ధం చెప్పలేదు, మేం తప్పు ప్రశ్న వేశాం. ఇప్పుడెవరైనా మీటరు గుచ్చి రేటు చెబితే, “పొడి తీసి తూచారా?” అని అడుగుతున్నాను. చాలామంది తర్వాత ఫోన్ చెయ్యరు.

2021 సంక్రాంతి వెళ్ళాక సిమెంటు పూత కొట్టించడం మొదలుపెట్టాం. ఇది బాధాకరమైన పని. సిమెంటు గట్టిది, పాత ఇటుక మెత్తనిది. పూత ఊడేటప్పుడు ఇటుక ముఖం కూడా వెంట లాక్కుపోతుంది. వీధి గోడలో ఇటుకల్ని వేలితో గీకితే కుంకుమలా రాలాయి. అలాంటివి వందా ఇరవై దాకా మార్చాం. పూత తీసేశాక గోడల్ని అలాగే వదిలేయమన్నాను. మేస్త్రికి అర్థం కాలేదు, చుట్టాలకి అసలు అర్థం కాలేదు. “ఇల్లు అమ్మేస్తున్నారా?” అని ఇద్దరు అడిగారు. మరుసటి సంక్రాంతి దాకా కండలు ఊడిన ఒంటిలా ఆ ఇటుకలు అలాగే ఉన్నాయి. ఆ ఏడాదంతా ఉప్పు బయటికి తేలుతూనే ఉంది. అమ్మకి ఒకటే చెప్పాను, పొడి చీపురుతో దులుపు, తడిగుడ్డ మాత్రం పెట్టకు అని. తడిపితే ఆ ఉప్పే కరిగి మళ్ళీ లోపలికి పోతుంది. దులిపింది గోడ మొదట్లో వదిలినా అంతే, చేటలోకెత్తి దూరంగా పారెయ్యాలి.

ఆ లోపు వీధి వైపు పని. రోడ్డుని దించే శక్తి నాకు లేదు. అరుగుకి, రోడ్డుకి మధ్య అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తవ్వించి, అడుగున చిల్లుల గొట్టం వేసి, కంకర నింపి, వాటం పెట్టి ఇంటి పక్కగా కొబ్బరితోట బోదెలోకి కలిపాం. పునాది అడుగు కంటే లోతుకి పోకూడదు, గోడని ఆనుకుని తవ్వకూడదు. పాత ఇళ్ళ పునాదులు మనం అనుకున్నంత లోతుండవు. అరుగు మీద నాపరాళ్ళు తీసేశాం. వీధి గోడకి జరిగిన వైద్యంలో తొంభై పాళ్ళు ఇదే, మిగతా పది పాళ్ళు పూత.

పూత దగ్గర మేస్త్రికీ నాకూ తగువు. “సున్నం ఏం ఆగుద్దండీ, సిమెంటైతే రాయిలా ఉంటాది, ఆయ్” అన్నాడు. ఆయన్ని బండెక్కించుకుని గన్నవరం పాత అక్విడక్టు (ఏటి మీదుగా కాలువని దాటించే వంతెన) దగ్గరికి తీసుకెళ్ళాను. గోదావరి పాయ వైనతేయ మీద 1852 నాటికి కట్టింది. పక్కనే డొక్కా సీతమ్మగారి పేరుతో కొత్తది వచ్చేదాకా, నూట యాభై ఏళ్ళ దాకా, కింద ఏరు, పైన కాలువ పారుతుండగా అది నిలబడింది. మన దేశంలో సిమెంటు ఫ్యాక్టరీలు పుట్టడానికి యాభై ఏళ్ళ ముందు సంగతి. ఆయన కాసేపు చూసి, “అప్పటి సున్నం వేరండీ” అన్నాడు. పూర్తిగా తప్పు కూడా కాదు. నీళ్ళలో పనికొచ్చే సున్నంలో ఇటుక పొడి లాంటిదేదో ఉండాలి, ఉత్త గుల్ల సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది.

మేం గుల్ల సున్నాన్ని తొట్టిలో తడిపి (కుతకుత ఉడుకుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి), మూడు వారాలు నీళ్ళ కింద నానబెట్టి, ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్ళు ఇసుక, అరపాలు మెత్తటి ఇటుక పొడి కలిపాం. పూశాక పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచాం. కరక్కాయ, బెల్లం నీళ్ళు మేస్త్రి ముచ్చట కొద్దీ కలిపాం. కోడిగుడ్ల సొన కలపలేదు. ప్రతి కోట దగ్గరా గైడు చెప్పే ఆ మాట విని విని విసుగు పుట్టింది.

సున్నం పేరు చెప్పి మురిసిపోయేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. పాతదంతా బంగారం, సున్నం పూస్తే ఇల్లు ఊపిరి తీసుకుంటుంది, అన్ని జబ్బులూ పోతాయి అంటారు. పోవు. వీధి కాలువ తవ్వకుండా, తూము బాగుచెయ్యకుండా సున్నం పూసి ఉంటే అది కూడా మూడేళ్ళలో రాలేది. తేడా అల్లా, సున్నం తాను రాలుతుంది, సిమెంటు ఇటుకని రాలుస్తుంది. పైగా ఇది ఖర్చుతో కూడిన పని, చేసే చేతులు తక్కువ, ఏడాదికో రెండేళ్ళకో వెల్ల వెయ్యాలి. మొన్న మొన్న కట్టిన సిమెంటు ఇళ్ళకి ఈ గొడవంతా అక్కర్లేదు, అక్కడ పైన స్లాబు పగుళ్ళూ బాత్‌రూమ్ గొట్టాలూ చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

వీధి గోడ మీద 2020 వానాకాలంలో గీసిన సుద్ద గీత మూడడుగుల పైన ఉండేది. పూత తీసేముందు ఆ ఎత్తు ద్వారబంధం మీద మేకుతో గీసి ఉంచాను. గత వానాకాలంలో తడి ఎక్కువలో ఎక్కువ ఏడంగుళాలు ఎక్కింది. సున్నాకి రాలేదు, రాదు కూడా. డెల్టాలో ఉంటూ గోడ ఎముకలా పొడిగా ఉండాలనుకోవడం అత్యాశ. మండువా పక్క గది పూర్తిగా ఆరింది, అమ్మ టైల్స్ తీయించనివ్వలేదు, నేనూ పట్టుబట్టలేదు.

పడమటి గది మాత్రం నయం కాలేదు. లోపల దిగిన ఉప్పంతా తియ్యాలంటే గోడ విప్పాల్సిందే. మెత్తటి కాగితపు గుజ్జు తడిపి గోడకి మెత్తి, ఎండాక ఊడదీస్తే కొంత ఉప్పు దాంతో వస్తుంది. రెండుసార్లు చేశాం, కొంతే వచ్చింది. చివరికి అక్కడ పల్చగా మెత్తటి సున్నపు పూత పూసి, దాన్ని ఉప్పుకి ఎరగా వదిలేశాం. నాలుగైదేళ్ళకి అది చెడితే కొట్టేసి మళ్ళీ పూస్తాం. ఆ గోడకి బీరువా ఆనించం, పెయింటు వెయ్యం, అంతే. ఆ ఏర్పాటు గురించి చెబుతుంటే అమ్మ, “దానికి ఇంకేం చెయ్యకు” అంది.

మొన్న శ్రావణంలో ఫోన్ చేస్తే ఎత్తలేదు. పావుగంటకి తనే చేసింది. బయట ఎండ ఫెళఫెళలాడుతోందట, పడమటి గోడ నల్లబడిందట, వడియాలు ఎత్తేసరికి ఆలస్యమైందట.